వాయిద్యాల షాపు యాడ్స్‌కి లైకులు వచ్చి అమ్మకాలు రాకపోతే ఏం మార్చాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: రాజమహేంద్రవరంలో చిన్న వాయిద్యాల షాపు. గిటార్లు, కీబోర్డులు, వయొలిన్లు, మృదంగాలు, తబలాలు, వాటి తీగలు, బ్యాగులు, స్టాండ్లు ఉన్నాయి. మూడు నెలల్లో ఇన్‌స్టాగ్రామ్ బూస్టులకు (డబ్బు కట్టి పోస్టును ఎక్కువమందికి చూపించడం), పాంప్లెట్లకు, ఒక ఫ్లెక్సీకి కలిపి 45 వేలు ఖర్చు పెట్టారు. యాడ్‌లో మాట "ఏ గిటార్ కొన్నా 30 శాతం తగ్గింపు, బ్యాగ్, బెల్ట్, పిక్స్ ఫ్రీ". లైకులు వేలల్లో వచ్చాయి, అమ్మకం కదల్లేదు. ఏ యాడ్ పనిచేస్తుంది, దేనికి ఎంత పెట్టాలి, యాక్సెసరీలకు వేరే యాడ్ ఇవ్వాలా అని అడిగారు.

అసలు విషయం ముందే చెబుతాను. యాడ్ చూసి అప్పటికప్పుడు ఎవరికీ వాయిద్యం కొనాలన్న కోరిక పుట్టదు. కొనాలని ముందే అనుకున్నవాళ్లు ఏదో ఒక సందేహం దగ్గర ఆగి ఉంటారు. "పాపకి తొమ్మిదేళ్లు, ఏ సైజు వయొలిన్ తీసుకోవాలి?" "మాస్టారు 5 శ్రుతి మృదంగం తెమ్మన్నారు, మీ దగ్గరున్నది అదేనా?" "తీగ తెగితే ఎవరు వేస్తారు?" ఆ సందేహాన్ని తీర్చే యాడ్ మనిషిని షాపుకి రప్పిస్తుంది. మీ యాడ్ వీటిలో ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. ధర తగ్గించామని మాత్రమే చెప్పింది. గిటార్ గురించి ఏమీ తెలియని తల్లిదండ్రులకు 30 శాతం తగ్గింపు అంటే నాణ్యత మీద అనుమానమే పెరుగుతుంది. బాగా తెలిసినవాళ్లు ఆన్‌లైన్‌లో ధర చూసుకుని మీ 30 శాతం దేని మీదో పట్టేస్తారు.

బూస్ట్ బటన్ సంగతి. పోస్టు కింద కనిపించే బూస్ట్‌ను అలాగే నొక్కేస్తే, లైకులు కొట్టే అలవాటున్నవాళ్లకే ఆ పోస్టు ఎక్కువగా వెళ్లే అవకాశం ఉంది. పైగా గిటార్ ఫొటో అందరికీ నచ్చుతుంది. సినిమా పాటలంటే ఇష్టమున్న ప్రతి కుర్రాడూ లైక్ కొడతాడు, వాళ్లలో కొనేవాళ్లు అరుదు. బూస్ట్ మానేసి, ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్‌ను వివరంగా పెట్టుకునే యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్లి, వాట్సాప్ మెసేజీలు రావడమే లక్ష్యంగా పెట్టుకోండి. షాపు చుట్టూ 15 నుంచి 20 కిలోమీటర్లు చాలు. పిల్లల వాయిద్యాలకైతే వయసు 30 నుంచి 48 పెట్టండి. కొనేది పిల్లాడు కాదు, డబ్బులిచ్చే తల్లిదండ్రులు. "గిటార్ మీద ఆసక్తి" అనే వడపోత వాళ్లకు పనికిరాదు, ఎందుకంటే వాళ్లు గిటార్ పేజీలు చూడరు.

ఇప్పుడు లెక్క. కింది అంకెలు ఉదాహరణ కోసం, మీ షాపు అంకెలు వేసి చూసుకోండి. 7,500 గిటార్ మీద కొన్న ధర, రవాణా, సెటప్ ఖర్చు పోను 1,200 మిగులుతుందనుకుందాం. ఒక్కో వాట్సాప్ మెసేజికి యాడ్ ఖర్చు 35 రూపాయలు పడింది. 20 మంది అడిగితే ఒకరు కొన్నారంటే యాడ్ ఖర్చు 700, చేతిలో 500. అదే 35 మందికి ఒకరు కొంటే ఖర్చు 1,225, అంటే ఆ గిటార్ మీద 25 రూపాయలు ఎదురు పెట్టినట్టు. 20కి, 35కి మధ్య ఉన్న తేడా యాడ్‌లో లేదు, మీ షాపు జవాబులో ఉంది. మెసేజి వచ్చిన మూడు గంటలకు "హాయ్ సర్, ప్రైస్ 7500" అని పంపితే అక్కడితో ఆగిపోతుంది. పావుగంటలోపు "ఎవరికండీ, వయసెంత, ఎక్కడ నేర్చుకుంటున్నారు?" అని అడిగితే సంభాషణ ముందుకు సాగుతుంది. షాపు తెరిచి ఉండే వేళల్లోనే యాడ్ నడిచేలా పెట్టుకోవడం కూడా ఇందుకే. రోజువారీగా కాకుండా యాడ్ నడిచే కాలమంతటికీ కలిపి ఒకే బడ్జెట్ (లైఫ్‌టైమ్ బడ్జెట్) పెడితే రోజులో ఏ గంటల్లో నడవాలో ఎంచుకోవచ్చు.

ఇదే లెక్క తీగలకు వేయండి. 400 రూపాయల సెట్ మీద 100 మిగులుతుంది. ముగ్గురు అడిగితే ఒకరు కొన్నా, మూడు మెసేజీల ఖర్చు 105. కొట్టుమీద కూర్చుని నష్టానికి అమ్మినట్టే. కాబట్టి తీగలు, కేపోలు (గిటార్ మెడకు బిగించే క్లిప్పులు), రోజిన్ (వయొలిన్ కమానుకి రాసే గట్టి జిగురు ముద్ద), అడాప్టర్లు, స్టాండ్ల కోసం ఇన్‌స్టాగ్రామ్‌లో డబ్బు పెట్టకండి. అవి అవసరం పడిన నిమిషంలో వెతుక్కునే వస్తువులు. రేపు ప్రోగ్రాం ఉందనగా ఈరోజు తీగ తెగితే, మనిషి ఫోన్ తీసి గూగుల్‌లో వెతుకుతాడు. ఆ క్షణంలో మీ పేరు కనిపించాలి.

అందుకు మొదటి పని గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, ఇది ఉచితం. షాపు వేళలు, ఆదివారం తెరుస్తారా లేదా, గల్లా దగ్గర పలికే ఫోన్ నంబరు సరిగ్గా ఉండాలి. ప్రొడక్ట్స్ విభాగంలో యాక్సెసరీలను ఒక్కొక్కటిగా, ధరతో పెట్టండి. సర్వీసుల్లో "మృదంగం మూతలు మార్చడం", "గిటార్ తీగలు వేయడం", "హార్మోనియం రీడ్స్ శ్రుతి చేయడం" అని విడివిడిగా రాయండి. తెలుగువాళ్లు చాలామంది ఇలాంటివి ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేసి వెతుకుతారు కాబట్టి వస్తువు పేరు ఆ అక్షరాల్లో పెట్టి, వివరం తెలుగులో రాస్తే రెండూ కలిసి వస్తాయి.

రెండో పని గూగుల్ సెర్చ్ యాడ్. డబ్బు ఎక్కువగా కారిపోయేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. "కీబోర్డ్" అనే మాట మీద యాడ్ పెడితే క్లిక్ చేసేవాళ్లలో ఎక్కువమంది కంప్యూటర్ కీబోర్డు కోసం వచ్చినవాళ్లే. నెగటివ్ కీవర్డ్స్‌లో (ఏ మాటలు వెతికితే యాడ్ కనిపించకూడదో ఆ జాబితా) కంప్యూటర్, ల్యాప్‌టాప్, గేమింగ్, మెకానికల్, వైర్‌లెస్, మౌస్, యాప్ అన్నీ చేర్చాలి. "డ్రమ్" అంటే నీళ్ల డ్రమ్మూ వస్తుంది, వాషింగ్ మెషిన్ డ్రమ్మూ వస్తుంది. "గిటార్" పక్కన కార్డ్స్ (chords), ట్యాబ్స్, ట్యూనర్, లెసన్స్, ఫ్రీ, వాల్‌పేపర్ తీసేయాలి. "ఫ్లూట్" పక్కన రింగ్‌టోన్, డౌన్‌లోడ్, మ్యూజిక్. "పియానో" పక్కన గేమ్, ఆన్‌లైన్. "వీణ" అంటే మనుషుల పేరు కూడా, కాబట్టి ఒంటి మాటగా అసలు పెట్టకండి. "వీణ ధర", "వీణ తీగలు", "వీణ రిపేర్" అని పెట్టండి. "స్ట్రింగ్" ఒక్కటే పెడితే ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థులు వచ్చి పడతారు. యాడ్ పెట్టే మాటలన్నిటినీ ఫ్రేజ్ మ్యాచ్‌లో (ఆ మాట అర్థం ఉన్న వెతుకులాటలకే యాడ్ చూపే పద్ధతి) పెట్టి, మొదటి రెండు వారాలు రోజూ సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ (జనం నిజంగా ఏం టైప్ చేశారో చూపే జాబితా) తెరిచి, పనికిరాని మాటలను అప్పటికప్పుడు నెగటివ్‌లో వేయండి. ఇంకో రెండు సెట్టింగులు చాలామంది వదిలేస్తారు. లొకేషన్ దగ్గర గూగుల్ తనంతట తాను "అక్కడ ఉన్నవాళ్లు లేదా ఆ ప్రాంతం మీద ఆసక్తి ఉన్నవాళ్లు" అని ఎంచుకుంటుంది. దాన్ని "అక్కడ ఉన్నవాళ్లు" అని మార్చండి. డిస్‌ప్లే నెట్‌వర్క్ అన్న చోట టిక్ తీసేయండి, లేకపోతే మీ యాడ్ పిల్లలు ఆడుకునే యాప్‌లలో తేలుతుంది.

యాక్సెసరీలకు యాడ్ మాట ఏం రాయాలి? "అన్ని రకాల తీగలు లభించును" అన్నదాంట్లో బలం లేదు. కొనేవాడి భయం వేరు: తప్పు తీగ తెచ్చుకుంటానేమో అని. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కు స్టీల్ తీగలు వేస్తే, ఆ లాగుడుకు బ్రిడ్జి లేచిపోతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌కి వేసే సన్నని 9-42 సెట్ అకూస్టిక్‌కి వేస్తే శబ్దం పలచబడుతుంది. కీబోర్డు అడాప్టర్ వోల్టేజి, పిన్ లోపలి పోలారిటీ (ప్లస్, మైనస్ ఏ వైపన్నది) కలవకపోతే బోర్డు కాలిపోవచ్చు. కాబట్టి "పాత తీగల ప్యాకెట్ గానీ, మీ గిటార్ బ్రిడ్జి గానీ, అడాప్టర్ వెనక ఉన్న స్టిక్కర్ గానీ ఫొటో తీసి పంపండి. సరిపోయేదేదో చెబుతాం" అని రాయండి. ఫొటో పంపినవాడు కొనే ఉద్దేశంతోనే పంపుతాడు.

తీగల్లో అసలు లాభం మళ్లీ మళ్లీ కొనడంలో ఉంది. రోజూ వాయించే గిటార్‌కి రెండు మూడు నెలలకోసారి తీగలు మార్చాలి. మీ వాతావరణం ఉక్క ఎక్కువ, చెమటకి ఇంకా త్వరగా తుప్పు పడతాయి. గిటార్ అమ్మినరోజే "తీగలు మార్చే సమయానికి మెసేజి పెట్టమంటారా?" అని అడిగి, ఒప్పుకున్నవాళ్ల నంబరును వాట్సాప్ బిజినెస్‌లో లేబుల్ వేసి పెట్టుకోండి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికే పంపగలరు, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకే బిల్లు ఇచ్చేటప్పుడే నంబరు సేవ్ చేయించండి. ఇది పైసా ఖర్చు లేని యాడ్, మీరు 45 వేలు పెట్టిన వాటన్నిటికన్నా ఎక్కువ రాబడి ఇచ్చేదీ ఇదే.

ఇక వాయిద్యాల యాడ్. సందేహం తీర్చడం అంటే ఏమిటో గిటార్‌తోనే చూపిస్తాను. చవక గిటార్‌లో ప్రధానమైన లోపం తీగలు ఫ్రెట్ల (మెడ మీది అడ్డ లోహపు కడ్డీల) మీద మరీ ఎత్తుగా ఉండడం. పిల్లాడి వేళ్లు నొప్పెట్టి, నెల తిరక్కుండా మానేస్తాడు. గిటార్ మూలన పడుతుంది, మాస్టారి దగ్గర మీ షాపు పేరు చెడుతుంది. 12వ ఫ్రెట్ దగ్గర స్టీల్ స్కేలు నిలబెట్టి, లావు తీగ కింద సుమారు 2.5 మిల్లీమీటర్లు, సన్న తీగ కింద 1.8 నుంచి 2 మిల్లీమీటర్లు ఉన్నట్టు దగ్గరగా ఫొటో తీయండి. దాని కింద "ఈ ఎత్తుకి సెట్ చేసి ఇస్తాం. మూడు నెలల్లో మారితే ఉచితంగా మళ్లీ చేస్తాం" అని రాయండి. ఆ ఒక్క ఫొటో ఫ్రీ బ్యాగ్ కన్నా బలమైనది. అది మీ పనితనాన్ని చూపిస్తుంది, ఆన్‌లైన్‌లో డబ్బాలో వచ్చే గిటార్ ఇవ్వలేనిది అదే.

వయొలిన్‌కి సైజు పట్టిక వేయండి. పిల్లని ఎడమ చేయి పక్కకు చాపమని, మెడ దగ్గర నుంచి అరచేతి మధ్య దాకా కొలవాలి. 23 అంగుళాలు, ఆపైన ఉంటే ఫుల్ సైజు, 22 దగ్గర త్రీ ఫోర్త్, 20 దగ్గర హాఫ్, పద్దెనిమిదిన్నర దగ్గర క్వార్టర్. ఇవి సుమారు కొలతలు, చివరి మాట గురువుగారిదే అని కూడా రాయండి. పెట్టెలో వచ్చే చవక వయొలిన్‌లో దారిలోనే సౌండ్ పోస్ట్ (లోపల నిలబెట్టే చిన్న కర్ర) పడిపోవడం మామూలు, బ్రిడ్జి కూడా పడుకుని ఉంటుంది. నేర్చుకునేవాళ్లకు దాన్ని నిలబెట్టడం చేతకాదు. "సౌండ్ పోస్ట్ నిలబెట్టి, బ్రిడ్జి అమర్చి, కమానుకి రోజిన్ పట్టించి, స-ప-స-ప శ్రుతి చేసి ఇస్తాం" అంటే కర్ణాటక సంగీతం నేర్చుకునే ఇంటికి అంతకన్నా కావలసింది లేదు.

మృదంగం యాడ్‌లో శ్రుతి రాయకపోతే ఆ యాడ్ లేనట్టే. 1 శ్రుతి అంటే సి, 2 అంటే డి, 5 అంటే జి. తగ్గు శ్రుతికి సుమారు 24 అంగుళాల కొయ్య, హెచ్చు శ్రుతికి సుమారు 22. పనస కొయ్యా కాదా, మూతలు ఎప్పుడు వేసినవి, బరువెంత అని కూడా రాయండి. ఫ్లూట్‌కి శ్రుతితో పాటు వేళ్ల రంధ్రాలు ఎన్నో చెప్పాలి. కర్ణాటక వేణువుకి ఎనిమిది, హిందుస్తానీ బాన్సురికి మామూలుగా ఆరు. ఇది చెప్పకుండా అమ్మిన ఫ్లూట్లు వారంలో వెనక్కి వస్తాయి. కీబోర్డుకి 61 కీలు అనడం చాలదు. టచ్ సెన్సిటివా (నొక్కే బలాన్ని బట్టి శబ్దం మారుతుందా) కాదా, అడాప్టర్ పెట్టెలో ఉందా విడిగా కొనాలా, మన తాళాలు, వాయిద్యాల టోన్లు ఉన్నాయా అన్నది చెప్పాలి. యమహా పీఎస్ఆర్-ఐ500 లాంటి మోడళ్లు మనవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసినవే. యాడ్‌లో ఆ తబలా టోను పది సెకన్లు వినిపిస్తే మోడల్ నంబరు కన్నా బాగా పనిచేస్తుంది.

వినిపించడం దగ్గరే వీడియో యాడ్స్ చెడిపోతాయి. మ్యూజిక్ షాపు వీడియోలో వెనక సినిమా పాట పెట్టి ముందు వాయిద్యాన్ని గుండ్రంగా తిప్పి చూపిస్తే, అమ్మే వస్తువు శబ్దం వినబడనేలేదు. ఫ్యాను, ఏసీ ఆపండి. షట్టర్ సగం దించండి. గిటార్‌కి ఫోన్‌ను రెండు మూడు అడుగుల దూరంలో, సౌండ్ హోల్‌కి ఎదురుగా కాకుండా మెడ, బాడీ కలిసే చోటుకి గురిపెట్టి ఉంచండి. ఎదురుగా పెడితే గుబగుబమంటుంది. మృదంగం, తబలాకి ఇంకొంచెం వెనక్కి జరగాలి. దగ్గర్లో పెడితే ప్రతి దెబ్బకీ ఫోన్ తనంతట తానే శబ్దం తగ్గించి పెంచుతూ నాదాన్ని నలిపేస్తుంది. ఎడమ మూత, తబలా డగ్గా ఇచ్చే కింది స్థాయి శబ్దం చిన్న ఫోన్ స్పీకర్లో పలకదు, కాబట్టి "ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి" అని మొదట్లోనే అక్షరాల్లో వేయండి. చాలామంది ఫోన్ మ్యూట్‌లో ఉంటుంది, ధర, శ్రుతి, సైజు తెర మీద కనిపించాలి. రివర్బ్ (కృత్రిమంగా కలిపే మోత) కలపకండి. షాపుకి వచ్చి వాయించాక ఆ మోత లేకపోతే మోసపోయామనుకుంటారు. మొదటి మూడు సెకన్లు మాట వద్దు, ఒక్క మీటు చాలు. ఎవరైనా వాట్సాప్‌లో శబ్దం వినిపించమంటే వాయిస్ నోట్ పంపకండి. అది మాటల కోసం కుదించేది, నాదం పోతుంది. రికార్డు చేసి డాక్యుమెంట్‌గా జతచేసి పంపండి.

ఏం వాయించాలన్నదీ ఆలోచించాలి. సినిమా పాట ట్యూన్ మీరే వాయించినా ఆ బాణీ మీద కాపీరైట్ ఉంటుంది. యాడ్‌గా నడిపేటప్పుడు శబ్దం తీసేయడం, యాడ్ ఆగిపోవడం జరుగుతుంటుంది. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా ఆ హక్కు ఉంటుంది. 1847లో పరమపదించిన త్యాగరాజస్వామి కీర్తన మీ షాపులో మీరే వాయించి రికార్డు చేస్తే ఏ చిక్కూ లేదు. పిళ్లారి గీతాలు ఇంకా మంచివి, నేర్చుకునే పిల్లలు, వాళ్ల అమ్మలు వెంటనే గుర్తుపడతారు.

వీణ గురించి అడగలేదు గానీ పెట్టే ఉద్దేశం ఉంటే రెండు మాటలు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు ఉంది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస మాను ఒకే దుంగలోంచి తొలిచే ఏకాండి వీణ పద్ధతికి వచ్చిన పేరది. అతుకుల వీణను, వేరే ఊరి వీణను బొబ్బిలి వీణ అని యాడ్ ఇస్తే చట్టం దృష్టిలో తప్పు, ఆ చేతివృత్తివాళ్ల నోటి దగ్గర కూడు తీసినట్టు కూడా. యాడ్‌లో ఏకాండమా, అతుకులదా అన్నది ఉన్నదున్నట్టు రాయండి. 24 మెట్లు మైనం మీద నిలబడతాయి కాబట్టి ఎండాకాలంలో పార్సిల్‌లో మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి. "వీణ చేరాక మేళం కట్టి (మెట్లను మైనంలో శ్రుతికి సరిగ్గా నిలబెట్టి) ఇస్తాం" అన్న హామీ లేకుండా దూరానికి యాడ్ ఇవ్వకండి. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాల నుంచి వీణలకు అడిగేవాళ్లు ఉంటారు. వాళ్ల మొదటి ప్రశ్న ధర కాదు, అక్కడ మేళం ఎవరు కడతారన్నది.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కంజీరకు పూర్వం ఉడుము తోలు మూసేవారు. ఉడుము వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద షెడ్యూల్ 1 (అత్యధిక రక్షణ ఉన్న) జంతువు. "అసలైన ఉడుము చర్మం" అని గొప్పగా యాడ్ వేస్తే అది నేరానికి మీరే రాసిచ్చిన సాక్ష్యం. మేక తోలా, సింథటిక్కా అని రాయండి. ఇక "30 శాతం తగ్గింపు" మాట: ముందు ధర పెంచి తగ్గించినట్టు చూపినా, స్టాకు లేకుండా తక్కువ ధరకు ఆశచూపినా 2022 నాటి తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాల కిందికి వస్తుంది. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మొదటి తప్పుకే జరిమానా 10 లక్షల దాకా ఉండొచ్చు. ప్లైవుడ్ గిటార్‌ను రోజ్‌వుడ్ అనడం కూడా ఇలాంటిదే. లామినేట్ అని రాస్తే ఎవరూ చిన్నచూపు చూడరు, ఉక్కపోతలో అది నిలబడుతుందని కూడా చెప్పొచ్చు.

గురువుల సంగతి. ఏ వాయిద్యం కొనాలో ఇంట్లో తేల్చేది సంగీతం మాస్టారు. ప్రతి అమ్మకానికి ఆయనకు కమిషన్ ఇచ్చే పద్ధతి చాలా ఊళ్లలో ఉంది. అది తల్లిదండ్రులకు తెలిసినరోజు ఇద్దరి మాటా పోతుంది. దానికి బదులు, వాళ్ల క్లాసులో ఉన్న వాయిద్యాలకు నెలకోసారి ఉచితంగా మూతలు బిగించడం, తీగలు వేయడం చేయండి. హాఫ్ సైజు వయొలిన్ ఒకటి ప్రయత్నించి చూడ్డానికి క్లాసులోనే ఉంచండి. ఎవరైనా కళాకారుడు డబ్బుగానీ వస్తువుగానీ తీసుకుని మీ షాపు గురించి వీడియో చేస్తే, అది ప్రకటన అని వీడియోలో స్పష్టంగా వేయాలి.

సమయం. మన దగ్గర వాయిద్యాలు ఒకేసారి అన్నీ అమ్ముడవవు. విజయదశమి, నవరాత్రుల్లో మూలా నక్షత్రం, వసంత పంచమి కొత్తగా నేర్చుకోవడానికి చేరే రోజులు. వీణ, వయొలిన్, మృదంగం యాడ్స్ వాటికి మూడు వారాల ముందు మొదలవ్వాలి. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు, గిటార్, కీబోర్డులకు ఇదే అదను. కార్తీకం, ధనుర్మాసం, అయ్యప్ప దీక్షల రోజుల్లో భజన బృందాలు హార్మోనియం, డోలక్, తాళాలు, కంజీర కొంటాయి. వీళ్లకు ఇన్‌స్టాగ్రామ్ అక్కర్లేదు, గుడి దగ్గర ఒక పాంప్లెట్, మరమ్మతు చేస్తామన్న మాట చాలు. క్రిస్మస్‌కి చర్చి క్వయర్లు కీబోర్డు, ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్, డ్రమ్స్, మైకులు తీసుకుంటాయి. గోదావరి జిల్లాల్లో ఇది పెద్ద గిరాకీ, సాధన నవంబరులోనే మొదలవుతుంది కాబట్టి డిసెంబరు యాడ్ ఆలస్యం. అక్టోబరు చివర్లో ఇవ్వండి, ప్యాడ్‌లో మన పాటల తాళాలకు ప్యాచ్‌లు (శబ్దాల సెట్టింగులు) వేసి ఇస్తామని చెప్పండి. కమిటీ కలిసి కొంటుంది, కొటేషన్ కాగితం మీద అడుగుతుంది, సిద్ధంగా ఉంచుకోండి.

ఫ్లెక్సీ దారి చూపడానికి పనికొస్తుంది, అంతకుమించి లెక్కవేయకండి. పాంప్లెట్‌ని పేపర్లో పెట్టి ఊరంతా పంచడం కన్నా సంగీతం క్లాసులున్న నాలుగైదు వీధుల్లో పంచండి. "ఈ కాగితం తెస్తే తీగలు ఉచితంగా వేసి ఇస్తాం, తీగల ధర విడిగా" అని వేస్తే ఎన్ని కాగితాలు తిరిగొచ్చాయో అదే లెక్క చెబుతుంది.

వచ్చే నెలకి 15 వేలు పెట్టగలిగితే ఇలా పంచుతాను: గూగుల్ సెర్చ్‌కి 7 వేలు, వాట్సాప్ మెసేజీల యాడ్‌కి 5 వేలు, క్లాసుల వీధుల పాంప్లెట్లకు 2 వేలు, మిగిలిన వెయ్యి మాస్టార్ల వాయిద్యాల సర్వీసుకి. మెసేజీల యాడ్ ఒకేసారి రెండు రకాలు నడపండి, ఒకటి సైజు పట్టికతో, ఒకటి సెటప్ ఫొటోతో. పది రోజుల దాకా దేన్నీ ముట్టుకోకండి. రోజుకోసారి మారుస్తుంటే ఆ యాడ్ ఎవరికి చూపాలో సిస్టమ్ నేర్చుకోవడం మళ్లీ మొదటికొస్తుంది. గల్లా దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టి, కొన్న ప్రతి ఒక్కరినీ "మా గురించి ఎలా తెలిసిందండీ?" అని అడిగి, బిల్లు నంబరు పక్కన గూగుల్, వాట్సాప్, మాస్టారు, కాగితం అని ఒక మాట రాయండి. నెలాఖరున ఆ పుస్తకాన్ని బట్టి ఏ వరసలో ఎంత లాభం వచ్చిందో చూసుకుని, ఖర్చుని మించని వరసకు వచ్చే నెల డబ్బు ఆపేయండి.